డెక్ కడిగే ముందు ఒకసారి కిందకి దూరి చూడండి

మే నెల వచ్చింది, ఒషావాలో మంచు పూర్తిగా పోయింది. ఇంక శనివారం వచ్చిందంటే చాలు, ఎవరో ఒకళ్ళు ఫోన్ చేసి "అన్నా, ప్రెషర్ వాషర్ ఎక్కడ అద్దెకి దొరుకుతుంది" అని అడుగుతున్నారు. అందుకని ఈ రోజు డెక్ గురించి మాట్లాడుకుందాం.

ఇండియా నుంచి వినేవాళ్ళకి ఒక్క ముక్క చెప్తాను. డెక్ అంటే ఇంటి వెనక గుమ్మానికి ఆనించి కట్టే చెక్క అరుగు అనుకోండి. కాకపోతే మన అరుగు నేల మీద కూర్చుంటుంది, ఇది గాల్లో నిలబడుతుంది. కొన్ని ఇళ్ళకి రెండడుగుల ఎత్తు, వాకవుట్ బేస్‌మెంట్ ఉన్న ఇళ్ళకి ఎనిమిది తొమ్మిదడుగుల ఎత్తు. ఎండాకాలం నాలుగు నెలలూ మనవాళ్ళ సంసారం సగం దాని మీదే. చేపలు వేయించేది అక్కడే, వాసన ఇంట్లోకి రాకూడదు కదా. పుట్టినరోజులక్కడే, తులసికోట కూడా అక్కడే.

డెక్ శుభ్రం అనగానే అందరూ పైన పలకలే చూస్తారు. నల్లబడిందా, పాచి పట్టిందా, రంగు పోయిందా. నేను అసలు పైనుంచి మొదలుపెట్టను. ఎవరింటికి వెళ్ళినా ముందు టార్చ్, ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని కిందకి దూరతాను. ఎందుకో చెప్తాను.

మన ఊళ్ళో పాత పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. దూలం ఎక్కడ చీకుతుంది? మధ్యలో చీకదు. గోడలోకి దూరిన చోట చీకుతుంది. అక్కడ తడి చేరితే ఆరదు, గాలి తగలదు. పశువుల పాక గుంజ ఎక్కడ పోతుంది? నేల తగిలే చోట. అందుకే గుంజ అడుగు కాల్చి, తారు పూసి పాతేవాళ్ళు. చెక్క నీళ్ళు తగిలితే పోదండీ, తగిలిన నీళ్ళు ఆరకపోతే పోతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు జాతి శిలీంధ్రం పుడుతుంది, అది చెక్కని లోపల్నుంచి తినేస్తుంది. ఎండా వానా నేరుగా తగిలే పై పలక నల్లబడుతుంది తప్ప గట్టిగానే ఉంటుంది. నీడలో, సందులో, గోడకి అతుక్కుని ఉన్న చెక్క చూడ్డానికి బాగానే ఉండి లోపల పిండి అయిపోతుంది.

డెక్‌లో అలాంటి చోటు ఒకటుంది, దాని పేరు లెడ్జర్ బోర్డు. ఇంటి గోడకి అడ్డంగా బిగించిన పొడుగాటి చెక్క. కింద వరసగా ఉండే అడ్డకర్రలు, అంటే జాయిస్టులు, ఒక చివర దీని మీద ఆనతాయి, ఇంకో చివర స్తంభాల మీదున్న దూలం మీద ఆనతాయి. అంటే డెక్ మీద పడే బరువులో ఇంచుమించు సగం ఈ ఒక్క చెక్కే మోస్తుంది. లెక్క వేసి చూడండి. 12 అడుగులు, 16 అడుగుల డెక్. 30 మంది ఎక్కారు. మనిషికి 70 కిలోలు వేసుకుంటే 2,100 కిలోలు. అందులో వెయ్యి కిలోల పైన ఆ లెడ్జర్ మీద పడుతుంది. సరిగ్గా కట్టిన డెక్‌కి ఇది పెద్ద బరువు కాదు. చదరపు అడుగుకి 40 పౌండ్లు మొయ్యాలన్న లెక్కతోనే డిజైన్ చేస్తారు. మంచి స్థితిలో ఉంటే ఆ డెక్ 3,400 కిలోలు తట్టుకోవాలి. సమస్యల్లా అతుకు దగ్గరే.

ఒంటారియోలో ఇంకో చిక్కుంది. ఇక్కడ ఇల్లు బయటికి ఎర్రటి ఇటుకలతో కనిపిస్తుంది. మనం మన ఊళ్ళో తొమ్మిదంగుళాల గోడ అనుకుంటాం. కాదండీ. చాలా ఇళ్ళకి అది ముసుగు మాత్రమే, ఒక్క వరస ఇటుక. వెనక అంగుళం సందు, ఆ వెనక చెక్క ఫ్రేమ్. ఇంటి బరువంతా ఆ ఫ్రేమే మోస్తుంది, ఇటుక తన బరువు తాను మోసుకుంటుంది, అంతే. ఆ ఇటుకకి నాలుగు బోల్టులు కొట్టి డెక్ వేలాడదీసినవాళ్ళు ఉన్నారు. బోల్టులు కూడా లేకుండా మేకులతో సరిపెట్టినవాళ్ళూ ఉన్నారు. మేకు పక్కకి లాగితే పట్టు ఉంటుంది, ముందుకి లాగితే జారి వచ్చేస్తుంది. జనం నవ్వుతూ గెంతుతూ ఉంటే డెక్ ఊగుతుంది, ఆ ఊపుకి మేకు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది.

రెండేళ్ళ క్రితం సంగతి చెప్తాను, పేర్లు వద్దు. ఉత్తరం వైపు కొత్తగా ఇల్లు కొనుక్కున్న మన జంట. కొన్నది ఫిబ్రవరిలో. డెక్ మీద అడుగు మంచు, కింద కూడా గాలికి కొట్టుకొచ్చిన మంచే. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో "మంచు వల్ల డెక్ చూడలేకపోయాం" అని రాసి ఉంది. అది ఎవరూ చదవలేదు. జూన్‌లో సత్యనారాయణ వ్రతం, నలభై మందికి భోజనాలు. ముందు రోజు సాయంత్రం నన్ను పిలిచారు, రైలింగ్ ఒకచోట వదులుగా ఉంది, బిగించి పెట్టమని. తమ్ముడు అప్పటికే ప్రెషర్ వాషర్ అద్దెకి తెచ్చి కడిగేశాడు, తేనె రంగు స్టెయిన్ కూడా వేసేశాడు. "అన్నా, చూడు, కొత్తదానిలా లేదూ" అన్నాడు. నిజంగానే ఉంది, మెరిసిపోతోంది.

కింద బేస్‌మెంట్‌లో ఇద్దరు కాలేజీ పిల్లలు అద్దెకి ఉంటున్నారు. వాళ్ళ తలుపు సరిగ్గా డెక్ కిందే. నేను అటు వెళ్ళి టార్చ్ వేస్తే గోడ పొడుగునా నల్లటి చార. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. పైన రేకు లేదు. రేకంటే ఫ్లాషింగ్, గోడకీ చెక్కకీ మధ్య నీళ్ళు దిగకుండా వంచి పెట్టేది. బోల్టు ఒక్కటి కూడా లేదు, అన్నీ మేకులే. గోడకీ లెడ్జర్‌కీ మధ్య నా చిటికెన వేలు దూరింది.

"తమ్ముడూ, రేపు దీని మీదకి ఎవరినీ ఎక్కనివ్వొద్దు" అన్నాను. "ఏంటన్నా, కుర్చీలు వచ్చేశాయి, కేటరింగ్‌కి చెప్పేశాను, ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా" అన్నాడు. ఆ మాట అందరూ అనేదే. ఇన్నాళ్ళూ దాని మీద ఇద్దరే నిలబడ్డారు. వాళ్ళావిడ ఇంకేం అడగలేదు. "అన్నయ్యా, పిల్లలందరూ దీని మీదే కదా ఎగిరేది" అని, వెళ్ళి డెక్‌లోకి తెరుచుకునే అద్దం తలుపుకి తాళం వేసి, డైనింగ్ టేబుల్ అడ్డం పెట్టేసింది. కింద పిల్లలకి కూడా చెప్పి, పక్క గరాజ్ లోంచి రమ్మన్నాం. భోజనాలు గడ్డి మీద పెట్టారు. ముందు రోజు వానకి గడ్డి తడిగా ఉంది, పట్టుచీరలవాళ్ళు కాస్త విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి.

తర్వాత వారం పలకలు విప్పాం. లెడ్జర్ ఊడదీయడానికి గడ్డపలుగు అవసరం పడలేదు, చేత్తో లాగితే వచ్చింది. దాని వెనక ఇంటి సొంత ఫ్రేమ్ కూడా ఐదడుగుల పొడుగునా తడిసిన అటుకుల్లా అయిపోయి ఉంది. ఇంజనీరుని పిలిచి, సిటీలో పర్మిట్ తీసుకుని ఆ ఫ్రేమ్ మార్చాం. డెక్‌ని మాత్రం మళ్ళీ గోడకి వేలాడదీయలేదు. ఇంటికి దగ్గరగా ఇంకో వరస స్తంభాలు, దూలం వేసి దాని కాళ్ళ మీద దాన్నే నిలబెట్టాం. నన్నడిగితే ఇటుక ముసుగు ఇళ్ళకి ఇదే మంచి పద్ధతి. స్తంభాల పునాది మాత్రం నాలుగడుగుల లోతు పోవాలి. ఇక్కడ చలికాలం నేల గడ్డకట్టి పైకి ఉబ్బుతుంది, అంతకంటే పైన ఆపితే స్తంభాన్ని ఎత్తి పడేస్తుంది.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2015 జూన్ 16న అమెరికాలో, కాలిఫోర్నియా బర్క్‌లీలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక పుట్టినరోజు పార్టీ. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పదమూడు మంది ఉన్నారు. అది ఊడి తలకిందులైంది. ఆరుగురు పిల్లలు చనిపోయారు. అందులో ఐదుగురు వేసవిలో పని చేసుకుందామని ఐర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు. బిల్డింగు కట్టి పదేళ్ళు కూడా కాలేదు. లోపల నీళ్ళు నిలిచి బాల్కనీని మోసే కర్రలు చీకిపోయాయి, బయటికి మాత్రం ప్లాస్టరుతో నున్నగా ఉంది. దాని తర్వాతే 2018లో కాలిఫోర్నియాలో అపార్ట్‌మెంట్ బాల్కనీలు, డెక్‌లు కొన్నేళ్ళకోసారి తనిఖీ చేయించాలని చట్టం తెచ్చారు. మన ఇంటి వెనక డెక్‌కి అలా వచ్చి చూసేవాళ్ళు ఎవరూ లేరు. మనమే చూసుకోవాలి.

చూడ్డం కష్టమేం కాదు. ఎండగా ఉన్న రోజు కిందకి వెళ్ళండి. లెడ్జర్ పొడుగునా, జాయిస్టు చివరలు, స్తంభం అడుగు, మెట్ల అడుగు, ఈ నాలుగు చోట్లా స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టి చెక్కలోకి మొన మాత్రం దిగుతుంది. అరంగుళం మెత్తగా దిగితే అనుమానం. గుచ్చి పైకి లేపితే మంచి చెక్క పొడుగ్గా పేడు లేస్తుంది, చీకింది పటుక్కున చిన్న ముక్కలుగా విరుగుతుంది. బోల్టు తలలు వాషర్లతో సహా కనపడాలి. జాయిస్టుని పట్టుకునే ఇనప హ్యాంగర్లు ఉంటాయి, వాటి తుప్పు చూడండి. వాటి కన్నాలన్నిట్లో దాని కోసం చేసిన మేకులే ఉండాలి, మామూలు స్క్రూలు విరుగుతాయి. పైన రైలింగ్ పట్టుకుని గట్టిగా ఊపండి. ఒంటారియోలో డెక్ నేల నుంచి 60 సెంటీమీటర్లు దాటితే రైలింగ్ తప్పనిసరి. ఎత్తు 90 సెంటీమీటర్లు, డెక్ 1.8 మీటర్లు దాటి ఎత్తుగా ఉంటే 107. పుల్లల మధ్య సందు పది సెంటీమీటర్లు మించకూడదు, పిల్లల తల దూరకుండా.

ఇవన్నీ బాగున్నాయి అనుకున్నాక, ఇప్పుడు కడుగుదాం.

ముందు సామాన్లన్నీ తీసేయండి. తులసి కుండీ తీస్తే కింద గుండ్రంగా నల్లటి మచ్చ ఉంటుంది, రోజూ పోసిన నీళ్ళు అక్కడే నిలిచి. కుండీని తీసెయ్యమని నేను చెప్పను, మా ఆవిడ ఊరుకోదు. కింద మూడు చిన్న దిమ్మలు పెట్టి అంగుళం లేపండి, గాలి ఆడుతుంది. రబ్బరు మ్యాట్లు, గడ్డిలాంటి ప్లాస్టిక్ కార్పెట్లు అయితే పూర్తిగా తీసేయమనే చెప్తాను.

తర్వాత పలకల మధ్య సందులు. ఇది ఎవరూ చెయ్యరు, అసలు పని ఇదే. మేపుల్ గింజలు, ఎండాకులు, మట్టి ఇరుక్కుని ఉంటాయి. స్పాంజిలాగా నీళ్ళు పట్టుకుని కింద జాయిస్టు నెత్తిన పెట్టుకుని కూర్చుంటాయి. పుట్టీ కత్తితో అన్నీ గీకి తీసేయండి. నడుం నొప్పి పుడుతుంది, పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.

ప్రెషర్ వాషర్ సంగతి. అద్దెకి దొరికే పెట్రోలు మిషన్లు 3,000 పి.ఎస్.ఐ. దాకా కొడతాయి. అది సిమెంటు కోసం. పైన్, సెడార్ లాంటి మెత్తటి చెక్కకి 500, 600 చాలు. ఎక్కువైతే మెత్తటి నార అంతా కొట్టుకుపోయి పేళ్ళు లేస్తాయి, చంటిపిల్లల కాళ్ళకి గుచ్చుకుంటాయి. లేచిన చోట నీళ్ళు ఇంకా తేలిగ్గా దిగుతాయి. అంటే శుభ్రం చేద్దామని చెక్క ఆయుష్షు తగ్గిస్తున్నాం. తప్పదు అనుకుంటే వెడల్పుగా చల్లే నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి, నార ఎటుంటే అటే కొట్టండి. ఇంటి గోడ వైపు మాత్రం ఎప్పుడూ గురిపెట్టొద్దు, ఆ నీళ్ళు లెడ్జర్ వెనక్కే పోతాయి.

నేను వాడేది ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్కార్బొనేట్ పొడి. డబ్బా మీద రాసిన కొలతలో గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, చెక్క తడిపి, దాని మీద పోసి పావుగంట ఉంచాలి. ఆరిపోకుండా చూసుకోవాలి, అందుకని మబ్బుగా ఉన్న రోజు పెట్టుకోండి. తర్వాత గట్టి నైలాన్ బ్రష్‌తో నార వెంట రుద్ది, గార్డెన్ పైపుతో కడిగేస్తే పాచి, నలుపు పోతాయి. ఇనప బ్రష్ వద్దు, దాని తునకలు ఇరుక్కుని తుప్పు చుక్కలు పడతాయి. కడిగాక చెక్క ముదురుగా కనిపిస్తే ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న బ్రైటెనర్ పల్చగా వేస్తే రంగు తేరుకుంటుంది. చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు ఉండాలి. పక్కనున్న మొక్కల్ని ముందే నీళ్ళతో బాగా తడపండి. బట్టలకి వాడే క్లోరిన్ బ్లీచ్ మాత్రం వద్దు. చెక్క పాడవుతుంది, మేకులు తుప్పుపడతాయి, అన్నిటికంటే ముఖ్యంగా దాన్ని ఏ ఆమ్లంతోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

పాత డెక్‌ల గురించి ఒక మాట. 2003 చివరి దాకా కెనడాలో, అమెరికాలో ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ కలపలో ఎక్కువ భాగం సి.సి.ఏ. రకం. పచ్చటి ఛాయతో ఉండేది. క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించినది. ఆ ఏడాది డిసెంబర్ 31తో ఇళ్ళ వాడకానికి ఆపేశారు. మీ డెక్ 2004 కంటే ముందుది అయితే అదే అనుకుని జాగ్రత్త పడండి. దాన్ని సాండింగ్ చెయ్యొద్దు, ఆ దుమ్ము పీల్చకూడదు. విప్పిన పలకలతో గోంగూర మడి కట్టొద్దు, ఆర్సెనిక్ మట్టిలోకి దిగుతుంది. ఇంకోటి, భోగి. పాత చెక్క కనపడితే మంటలో వేద్దామని మనకి చెయ్యి లాగుతుంది. ఈ చెక్క మాత్రం వెయ్యకండి. పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది, పిల్లలు చుట్టూ నిలబడే మంట అది. పారెయ్యడం ఎలాగో మీ మునిసిపాలిటీ వాళ్ళని అడగండి.

ఇప్పుడొచ్చే కలపలో ఆర్సెనిక్ లేదు, రాగి ఎక్కువ. ఆ రాగి మామూలు జింకు పూత మేకుల్ని తినేస్తుంది. పలక మార్చేటప్పుడు హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ అడిగి తీసుకోండి. నాలుగు డాలర్లు ఎక్కువైనా అవే.

స్టెయిన్ వెయ్యాలంటే కడిగాక కనీసం రెండు రోజులు ఎండనివ్వాలి. ఆరిందో లేదో తెలియాలంటే నాలుగు నీటి చుక్కలు వెయ్యండి. ఇంకిపోతే సిద్ధం, ముత్యాల్లా నిలిస్తే ఆగండి. కొత్తగా వేసిన ట్రీటెడ్ పలకలు ఇంకా పచ్చిగా ఉంటాయి, వాటికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చెక్కలోకి ఇంకే రకం తీసుకోండి, పెయింట్‌లా పైన పొర కట్టేది వద్దు. పొర పగిలాక దాని కిందకి నీళ్ళు దూరి ఆరవు, మళ్ళీ మొదటి కథే. పల్చగా వెయ్యండి, మిగిలింది గుడ్డతో తుడిచెయ్యండి. ఆ గుడ్డలు జాగ్రత్త. నూనె స్టెయిన్ గుడ్డలు ఉండచుట్టి గరాజ్‌లో మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నిజంగా ఇళ్ళు కాలిపోయాయి. బయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్ళలో ముంచి పెట్టండి.

చలికాలం పని తక్కువే. ప్లాస్టిక్ పార వాడండి, పలకల పొడుగునే తొయ్యండి. ఉప్పు చల్లొద్దు, మేకులకి, హ్యాంగర్లకి అదే శత్రువు. గుమ్మం దగ్గర, గోడ వారగా మాత్రం మంచు పేరుకోనివ్వకండి. అది పగలు కరిగి రాత్రి గడ్డకడుతూ నీళ్ళని సందుల్లోకి తోస్తుంది.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, కాంపోజిట్ వేసుకుంటే ఈ గొడవ ఉండదు కదా అని. పై పలకలకి ఉండదు, నిజమే. స్టెయిన్ అక్కర్లేదు, పేళ్ళు లేవవు. కింద జాయిస్టులు, లెడ్జర్, స్తంభాలు మాత్రం మామూలుగా అదే ట్రీటెడ్ చెక్క. పాత ఫ్రేమ్ మీద కొత్త కాంపోజిట్ పరిచి ఇల్లు అమ్మకానికి పెట్టడం కూడా చూశాను. కొనేవాళ్ళు పైన చూసి మురిసిపోతారు.

ఫోటోలు పంపి సలహా అడిగేవాళ్ళకి ఒక విన్నపం. పైనుంచి తీసిన ఫోటో పంపకండి, దాంతో నాకేం తెలియదు. కిందకి దూరి, టార్చ్ వేసి, గోడ దగ్గర అతుకు కనపడేలా తీసి పంపండి. ఉంటానండి.